చెప్పుదెబ్బ కుక్కకు ఏం నేర్పుతుంది?

"కుక్క కాటుకు చెప్పుదెబ్బ" అని మనకొక సామెత ఉంది. చేసినదానికి తగిన శాస్తి జరిగిందని చెప్పడానికి దాన్ని వాడుతుంటాం. మాటవరసకు అది బాగానే ఉంటుంది. కాని చాలా ఇళ్ళలో అదే కుక్కను పెంచే పద్ధతిగా మారిపోయింది. కుక్క మొరిగితే చెప్పు, ఇంట్లో మూత్రం పోస్తే చీపురుకట్ట, పిలిచినప్పుడు రాకపోతే కర్ర. ఈ పద్ధతి తప్పని, దీనివల్ల నష్టపోయేది కుక్క ఒక్కటే కాదని, ఆ ఇంటి పిల్లలు కూడా నష్టపోతారని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ఆరోగ్య పత్రికలో కుక్కల పెంపకం గురించి ఎందుకని కొందరు అడగవచ్చు. కుక్క కాటు ఆరోగ్య సమస్యే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం రేబిస్ వల్ల ప్రపంచమంతటా ఏటా సుమారు 59,000 మంది చనిపోతున్నారు. అందులో మూడో వంతుకు పైగా మన దేశంలోనే జరుగుతున్నట్లు ఆ సంస్థ చెబుతోంది. మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం దాకా కుక్కల ద్వారా వచ్చేదే. రేబిస్ ఉందని అనుమానించే జంతువుల కాటుకు గురయ్యేవారిలో 40 శాతం మంది 15 ఏళ్ళ లోపు పిల్లలు. వ్యాధి లక్షణాలు బయటపడిన తరువాత బతికి బయటపడేవారు దాదాపు ఉండరు.

వీధి కుక్కల సంగతి వేరే చర్చ. మన ఇంటి కుక్క, పక్కింటి కుక్క కూడా కరుస్తాయి. "మా కుక్కకు టీకా వేయించాం, భయం లేదు" అంటారు కొందరు. టీకా వేయించడం తప్పనిసరే, చాలా మంచిది. అయితే టీకా జబ్బును ఆపుతుంది గాని పన్నును ఆపదు. చిన్న పిల్లల ఎత్తు తక్కువ కాబట్టి గాయం ముఖానికో మెడకో తగులుతుంది. ఆ మచ్చ, ఆ భయం ఆ బిడ్డకు ఏళ్ళ తరబడి ఉండిపోతాయి.

మన ఇళ్ళలో కుక్క పెరిగే తీరు ఒకసారి గమనించండి. పిల్లగా ఉన్నప్పుడు అందరూ ముద్దు చేస్తారు. వేళ్ళు నోట్లో పెట్టి కొరికించుకుని నవ్వుతారు. ఆరు నెలలు తిరిగేసరికి అదే పని చేస్తే తంతారు. తరువాత గేటు పక్కన గొలుసు వేసి కడతారు. వచ్చేపోయే పిల్లలు రాళ్ళు విసురుతారు. "కట్టేసి ఉంచితేనే కోపం పెరుగుతుంది, కోపం ఉంటేనే కాపలా కాస్తుంది" అని పెద్దలు అంటారు. ఒకరోజు గొలుసు ఊడుతుంది. అది కరిచేది దొంగను కాదు, పాలవాడినో, ట్యూషన్ నుంచి వస్తున్న పిల్లవాడినో.

కొట్టి లొంగదీయడం మన ఊళ్ళలో మాత్రమే ఉన్న అలవాటు కాదు. జర్మనీలో పోలీసు కుక్కలకు శిక్షణ ఇచ్చిన కొన్రాడ్ మోస్ట్ 1910లో రాసిన పుస్తకంలోనూ, అమెరికాలో విలియం కోలర్ 1962లో రాసిన పుస్తకంలోనూ మెడ గొలుసును గట్టిగా గుంజడం, శిక్షించడం ముఖ్యమైన పాఠాలు. దీనికి తోడు తోడేళ్ళ సిద్ధాంతం ఒకటి వచ్చింది. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే పరిశోధకుడు జంతుప్రదర్శనశాలలో బంధించిన తోడేళ్ళను గమనించి, వాటిలో పెత్తనం కోసం పోట్లాట ఉంటుందని రాశాడు. కుక్క కూడా తోడేలు జాతిదే కాబట్టి యజమాని పెత్తనం చూపించాలని, దాన్ని వెల్లకిలా పడేసి అదిమిపట్టాలని చాలామంది బోధించారు. ఆ మాటకు బాగా ప్రచారం కల్పించిన పుస్తకం అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ మెక్ 1970లో రాసినది. ఆయన ఆ తరువాత అడవిలో తోడేళ్ళను ఏళ్ళ తరబడి చూసి, 1999లో తన పాత మాటను తానే సరిదిద్దాడు. అడవిలో తోడేళ్ళ గుంపు అంటే మామూలుగా తల్లి, తండ్రి, వాటి పిల్లలు. అది కుటుంబమే గాని కుస్తీ గోదా కాదు. ఎక్కడెక్కడి నుంచో తెచ్చి ఒకే దొడ్డిలో బంధించిన జంతువులు కొట్టుకుంటే, దాన్నే సహజ గుణం అనుకోవడం వల్ల వచ్చిన పొరపాటు అది.

రెండో దారి కూడా పాతదే. రష్యా వైద్య శాస్త్రజ్ఞుడు పావ్‌లోవ్‌కు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది జీర్ణక్రియపై చేసిన పరిశోధనకు. ఆ పనిలోనే ఆయన ఒక సంగతి గమనించాడు. ఆహారం రాబోతోందని తెలిపే గుర్తు కనబడినా, వినబడినా చాలు, కుక్క నోట్లో లాలాజలం ఊరుతుంది. తరువాత అమెరికాలో స్కిన్నర్, ఏ పని చేస్తే మేలు జరుగుతుందో ఆ పనిని జంతువు మళ్ళీ చేస్తుందని చూపించాడు. జంతువులకు ఎలా నేర్పాలో 1951లో మామూలు పాఠకులకు అర్థమయ్యేలా ఒక వ్యాసం కూడా రాశాడు. హవాయిలో డాల్ఫిన్లకు శిక్షణ ఇచ్చిన కారెన్ ప్రయర్ 1984లో తన పుస్తకంలో ఇదే పద్ధతిని ఇంటింటికీ తెచ్చింది. డాల్ఫిన్‌కు గొలుసు వేయలేం, కర్రతో కొట్టలేం. నచ్చకపోతే ఈదుకుంటూ దూరంగా పోతుంది. అయినా అది నేర్చుకుంటుంది, ఎందుకంటే చేప ముక్క దొరుకుతుంది. డాల్ఫిన్‌కు పనికొచ్చిన ఓపిక మన ఇంటి కుక్కకు ఎందుకు పనికిరాదు?

కొట్టడం వల్ల ఏం జరుగుతుందో పరిశోధనలు చెబుతున్నాయి. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారు 2009లో, ప్రవర్తన సమస్యలతో తమ వద్దకు వచ్చిన కుక్కల యజమానులను విచారించారు. తన్నడం లేదా కొట్టడం చేశామన్నవారిలో 43 శాతం మంది, తమ కుక్క తిరగబడిందని చెప్పారు. వెల్లకిలా పడేసి అదిమిపట్టినవారిలో 31 శాతం మంది, కళ్ళలోకి కోపంగా చూసి భయపెట్టినవారిలో 30 శాతం మంది అదే చెప్పారు. పోర్చుగల్‌లో 92 కుక్కలపై చేసిన పరిశోధన 2020లో వెలువడింది. శిక్షలు ఎక్కువగా వాడే శిక్షణ కేంద్రాల కుక్కల లాలాజలంలో, శిక్షణ తరువాత, ఒత్తిడిని తెలిపే కార్టిసాల్ హార్మోను పెరిగింది. బహుమతితో నేర్పిన కుక్కల్లో అలా పెరగలేదు.

"తప్పు చేశానని దానికి తెలుసు, చూడండి ఎలా తల దించుకుందో" అంటారు. అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే శాస్త్రజ్ఞురాలు 2009లో 14 కుక్కలతో దీన్ని పరీక్షించింది. తప్పు చేసిన కుక్కా, చేయని కుక్కా, యజమాని తిడితే ఒకే విధంగా తల దించుకున్నాయి. ఆ చూపు పశ్చాత్తాపం కాదు, మన కోపానికి భయం. పొద్దున ఎప్పుడో చేసిన పనికి సాయంత్రం కొడితే కుక్కకు అర్థమయ్యేది ఒక్కటే: యజమాని ఇంటికి వస్తే దెబ్బలు పడతాయి.

ఇంకా ముఖ్యమైన విషయం గుర్రుమనడం. కుక్క గుర్రుమంటే మనం కొడతాం. నిజానికి ఆ గుర్రు మనకు ఇచ్చే హెచ్చరిక. "నాకు భయంగా ఉంది, దూరంగా జరుగు" అని అది చెప్పుకునే మాట. ఆ మాటను దెబ్బలతో నోరు నొక్కితే భయం పోదు, హెచ్చరిక మాత్రమే పోతుంది. ఆ తరువాత అది చెప్పకుండా కరుస్తుంది. "ఎప్పుడూ ఏమీ అనేది కాదు, ఉన్నట్టుండి కరిచింది" అని చెప్పే ఎన్నో ఇళ్ళలో అంతకుముందు వచ్చిన హెచ్చరికలను ఎవరూ వినలేదు.

ఇక ఇష్టం సంగతి. జపాన్ పరిశోధకులు 2015లో ప్రకటించిన పరిశోధనలో, కుక్క, దాని యజమాని ఆప్యాయంగా ఒకరి కళ్ళలోకి ఒకరు ఎక్కువసేపు చూసుకున్నప్పుడు ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ హార్మోను పెరిగినట్లు తేలింది. తల్లీబిడ్డల అనుబంధంలో పనిచేసే హార్మోను ఇదే. ఒక చూపు కుక్కను దగ్గరకు తెస్తుంది, ఇంకో చూపు కరిచేలా చేస్తుంది. రెండూ మన కళ్ళే.

"ముద్దు చేస్తే నెత్తికెక్కదా?" అన్న ప్రశ్న సరైనదే. కొట్టవద్దంటే అదుపు వద్దని కాదు. మీదికి దూకితే ముఖం తిప్పుకుని నిలబడండి. నాలుగు కాళ్ళూ నేలమీద పెట్టిన తరువాతే పలకరించండి. చెప్పులు కొరికితే కొరకడానికి వేరే వస్తువు ఇచ్చి, చెప్పులు అందకుండా పైన పెట్టండి. తప్పు పనికి ఫలితం దక్కకుండా చేయడం కూడా క్రమశిక్షణే. కొట్టగానే కుక్క ఆ క్షణంలో ఆగిపోయే మాట నిజమే. అందుకే మనకు కొట్టడం అలవాటవుతుంది. అక్కడ నేర్చుకుంటున్నది కుక్క కాదు, మనం.

కాపలా గురించి కూడా ఒక మాట. దొంగ భయపడేది మొరుగుకు. మొరగడానికి కుక్కను హింసించనవసరం లేదు. పేలుడు పదార్థాలను వాసన పట్టే జాగిలాలకు, వెతికి పట్టుకున్న వెంటనే బంతో తినుబండారమో ఇచ్చి నేర్పడం ఎన్నో దేశాల్లో ఉన్న పద్ధతి. అంత పెద్ద పనే బహుమతితో నేర్పగలిగినప్పుడు "కూర్చో" అన్న మాట నేర్పలేమా?

నేర్పడం కష్టం కాదు. ముందు ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి. నాన్న "కూర్చో" అని, పిల్లలు "సిట్" అని, నాయనమ్మ "ఉండవే" అని అంటే కుక్కకు ఏం అర్థమవుతుంది? ఉడికించిన గుడ్డునో కోడిమాంసాన్నో చిన్న చిన్న ముక్కలు చేసి పెట్టుకోండి. ముక్కను ముక్కు దగ్గర చూపి, మెల్లగా తలపైకి తీసుకెళ్ళండి. తల పైకెత్తేసరికి అదే కూర్చుంటుంది. కూర్చున్న ఒకటి రెండు సెకన్లలోపే ముక్క ఇచ్చి మెచ్చుకోండి. ఆలస్యమైతే దేనికి ఇచ్చారో దానికి తెలియదు. రోజుకు రెండుసార్లు ఐదేసి నిమిషాలు చాలు. "రా", "ఆగు", "వదులు" అన్నవి కూడా ఇలాగే. "రా" అని పిలిచి ఎప్పుడూ తిట్టవద్దు, కొట్టవద్దు. అలా చేస్తే రోడ్డు మీద లారీ వస్తున్నప్పుడు పిలిచినా అది రాదు. చాక్లెట్లు, ఉల్లిపాయలు కుక్కలకు పెట్టకూడదు.

పిల్ల వయసు మూడు వారాల నుంచి మూడు నెలల వరకు చాలా విలువైన కాలం. ఆ రోజుల్లో రకరకాల మనుషులను, శబ్దాలను భయపెట్టకుండా పరిచయం చేయండి. మూడు నెలలకు రేబిస్ టీకా మొదలుపెట్టి, పశువైద్యుడు చెప్పిన ప్రకారం ఏటా వేయించండి. ఇంట్లో పిల్లలకూ నేర్పండి: తింటున్న కుక్కను, నిద్రపోతున్న కుక్కను, పిల్లలతో ఉన్న తల్లి కుక్కను కదిలించకూడదు. ఎంత మంచి కుక్కయినా చిన్న బిడ్డను దాని దగ్గర ఒంటరిగా వదలకండి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా కరిస్తే, గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, ఆకు పసరు పెట్టవద్దు. కట్టు కట్టకుండా ఆలస్యం లేకుండా ఆసుపత్రికి వెళ్ళండి. చిన్న గాటయినా, ఇంటి కుక్కయినా, కుక్కపిల్లయినా సరే. బొడ్డు చుట్టూ 14 సూదులు వేసే కాలం పోయింది. ఆ పాత మందు తయారీ మన దేశంలో 2005 నాటికే ఆగిపోయింది. ఇప్పుడు చేతికి వేసే కొన్ని ఇంజెక్షన్లే. గాయం లోతుగా ఉంటే గాయంలో వేసే వేరే మందు కూడా అవసరమవుతుంది. డాక్టరు చెప్పిన తేదీల్లో ఒక్కటి కూడా మానవద్దు.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం జంతువును కొట్టి బాధపెట్టడమే కాదు, ఎప్పుడూ గొలుసుతో కట్టి ఉంచే కుక్కకు వ్యాయామం లేకుండా చేయడం కూడా నేరమే.

కొట్టి, కట్టేసి, చివరకు కరిచిందని రాత్రిపూట ఊరి బయట వదిలేసి వచ్చేవారు ఉన్నారు. ఆ కుక్క మరో వీధిలో మరొకరి బిడ్డకు ఎదురవుతుంది. కుక్కను తెచ్చుకునే ముందే ఆలోచించండి. పదేళ్ళకు పైగా దాన్ని చూసుకునే ఓపిక, తీరిక ఉంటేనే తెచ్చుకోండి. ఇప్పటికే ఇంట్లో ఉంటే, రేపు పొద్దున ఐదు నిమిషాలు, నాలుగు గుడ్డు ముక్కలు దానికి కేటాయించి "కూర్చో" అన్న మాటతో మొదలుపెట్టండి. పిల్లలను కూడా పక్కన కూర్చోబెట్టుకుని, ఓపికగా ఎలా నేర్పాలో వాళ్ళకూ చూపించండి.