ఆ పూట దాటిస్తే చాలు

ఏప్రిల్ నెల. వెల్దుర్తి చుట్టుపక్కల కల్లాల్లో ఎండిన మిరపకాయలను టిక్కీలకెత్తే పని ఇంకా సాగుతుంటుంది. ఇంటిల్లిపాదికీ క్షణం తీరిక ఉండదు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంటర్, పదో తరగతి ఫలితాలూ వస్తాయి. కల్లంలో ఉన్న తండ్రికి ఫోను మోగుతుంది. ‘మీవాడు పాసయ్యాడా?’ అని అవతల నుంచి బంధువు ఆరా. ఇంట్లో ఒంటరిగా ఉన్న పిల్లాడు అప్పటికే ఫలితం చూసుకుని, ఫోను బోర్లా పెట్టి కూర్చుని ఉంటాడు. రెండు సబ్జెక్టులు పోయాయి. ఆ సంగతి ఎవరికి చెప్పాలో, ఎలా చెప్పాలో తెలీదు.

ఏ ఊళ్లోనైనా, ఏ ఇంట్లోనైనా కనిపించే దృశ్యమే ఇది. చాలా ఇళ్లలో నాలుగు తిట్లతోనో, కాసేపు ఏడుపుతోనో ఆ రోజు గడిచిపోతుంది. కొన్ని ఇళ్లలో మాత్రం అలా గడవదు. 2023 ఏప్రిల్ 26న ఆంధ్రప్రదేశ్ ఇంటర్ ఫలితాలు వచ్చిన రెండు రోజుల్లోనే తొమ్మిదిమంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని వార్తలొచ్చాయి. అంతకుముందు 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత 20 మందికి పైగా పిల్లలు అలాగే పోయారు. ఆ ఏడాది ఫలితాల్లోనే తప్పులు దొర్లాయని తర్వాత తేలింది. తెలుగులో సున్నా వచ్చిందన్న ఓ అమ్మాయికి జవాబుపత్రం మళ్లీ చూస్తే 99 మార్కులున్నాయి. ఫెయిలైనవారందరి పేపర్లూ ఉచితంగా తిరిగి పరిశీలించినప్పుడు వెయ్యిమందికి పైగా పాసయ్యారు. మార్కుల తప్పును దిద్దుకోవడానికి దారి ఉంది. పోయిన ప్రాణానికి లేదు.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,044 మంది.

మార్కులొక్కటేనా?

‘ఫెయిలయ్యాడని చనిపోయాడు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. మానసిక వైద్యులు అలా చెప్పరు. చాలాకాలంగా పేరుకున్న బాధల మీద వచ్చిపడే చివరి దెబ్బ మాత్రమే ఆ ఫలితం. ఇంట్లో అప్పులు, నాన్న తాగుడు, పక్కింటి పిల్లలతో పోలిక, హాస్టల్లో ఒంటరితనం, బయటపడిన ప్రేమ వ్యవహారం, ఎవరికీ చెప్పుకోలేని వేధింపు, ఎవరూ గుర్తించని కుంగుబాటు... వీటిలో ఏవైనా కొన్ని ముందే ఉండి ఉంటాయి.

అమ్మాయిల విషయంలో ఇంకాస్త జాగ్రత్త అవసరం. తమిళనాడులోని వేలూరు దగ్గర పల్లెల్లో 1992 నుంచి 2001 వరకు జరిపిన అధ్యయనం 2004లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చింది. 10 నుంచి 19 ఏళ్ల వయసువారిలో ఏటా లక్షకు 148 మంది అమ్మాయిలు, 58 మంది అబ్బాయిలు ఆత్మహత్య చేసుకున్నట్టు అందులో తేలింది. ‘మా పిల్ల బంగారం, నోరెత్తదు’ అని మురిసిపోతుంటాం. ఆ పిల్ల నోరెత్తకపోవడానికి కారణమేమిటో మాత్రం అడగం.

అడిగితే తప్పేం లేదు

రాత్రిళ్లు నిద్రపోకపోవడం, తిండి మానేయడం, స్నేహితులకు దూరంగా ఉండటం, ఇష్టమైన వస్తువులు ఎవరికో ఇచ్చేయడం, ‘నేను లేకపోతే మీకు ఏ బాధా ఉండదు’ వంటి మాటలు... ఇవన్నీ గమనించాల్సినవే. చాలారోజులు దిగులుగా ఉన్న పిల్లలు కారణం లేకుండా ఒక్కసారిగా ప్రశాంతంగా మారినా ఊరట పడిపోకూడదు. ‘చస్తానన్నవాళ్లు చావరు’ అన్న మాట శుద్ధ తప్పు. ప్రాణం తీసుకున్నవారిలో చాలామంది ఏదో రకంగా ముందే చెప్పి ఉంటారు.

మరో అపోహ, అడిగితే లేనిపోని ఆలోచన కలిగించినట్టవుతుందని. నిజానికి అడగటంవల్ల ఆ ఆలోచన పుట్టదు, పెరగదు. లోపల దాచుకున్నది చెప్పుకునే వీలు దొరుకుతుంది. పక్కన కూర్చుని, గొంతు పెంచకుండా, ‘నాన్నా, చచ్చిపోవాలని ఏమన్నా అనిపిస్తోందా?’ అని నేరుగా అడగొచ్చు. ‘అవును’ అంటే ఉలిక్కిపడి తిట్టకూడదు. ‘నీకేం తక్కువ చేశాం?’ అని ఎదురు ప్రశ్న వేయకూడదు. ‘చెప్పావు, మంచిదయింది. నేనున్నాగా, ఇద్దరం కలిసి చూద్దాం’ అంటే చాలు. ఆ తర్వాత వాళ్లను ఒంటరిగా వదలకూడదు.

తాళం పెద్దల దగ్గరే

పత్తి, మిరప పండించే పల్నాడులో పురుగుమందు లేని రైతిల్లు తక్కువ. వాడగా మిగిలిన డబ్బా ఏ మూలో, ఏ అటక మీదో ఉంటుంది. తొందరపాటులో ఉన్న పిల్లలకు అదే పెద్ద ప్రమాదం.

చచ్చిపోవాలన్న ఆలోచన ఎంత బలంగా వచ్చినా, దాని ఉద్ధృతి చాలామందిలో కొన్ని నిమిషాలు, కొన్ని గంటలే ఉంటుంది. ఆ కాస్త సమయంలో ప్రాణం తీసే వస్తువు చేతికి అందకపోతే గండం గడిచినట్టే. ఒకసారి ఆత్మహత్యకు ప్రయత్నించి బతికినవారిలో ఎక్కువమంది తర్వాత ఆత్మహత్యతో చనిపోరని అధ్యయనాలు చెబుతున్నాయి. అంటే, ఈ దారి కాకపోతే ఇంకో దారి వెతుక్కుంటారులే అనుకోవడం పొరపాటు.

శ్రీలంక అనుభవమే దీనికి రుజువు. అక్కడ 1990ల నుంచి అత్యంత విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించుకుంటూ వచ్చారు. రెండు దశాబ్దాల్లో ఆత్మహత్యల రేటు దాదాపు 70 శాతం తగ్గింది. తమిళనాడులోని కడలూరు జిల్లాలో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ బృందం ఇంకో ప్రయత్నం చేసింది. ఊరందరి పురుగుమందులూ ఒకేచోట, ఎవరి పెట్టెలో వాళ్లవి పెట్టి తాళం వేసుకునే ఏర్పాటది. ఆ ఊళ్లలో ఆత్మహత్యలు తగ్గాయని 2013లో వెల్లడించింది.

మన దగ్గర ఊరంతా కలిసేదాకా ఆగక్కర్లేదు. ఎంత అవసరమో అంతే కొనాలి. మిగిలిందాన్ని ఇంట్లో కాకుండా బయట పెట్టెలో ఉంచి తాళం వేయాలి. తాళంచెవి పెద్దల దగ్గరే ఉండాలి. ఖాళీ డబ్బాలను ఇంటికి తేకూడదు. ఫలితాలొచ్చే రోజున ఎంత పనున్నా పెద్దవాళ్లలో ఒకరు పిల్లల దగ్గరే ఉండాలి.

సాయం ఉంది

సబ్జెక్టు పోయినంత మాత్రాన ఏడాది పోదు. వేసవిలోనే సప్లిమెంటరీ పరీక్షలుంటాయి. మార్కులపై అనుమానముంటే రీవెరిఫికేషన్ ఉంది. ఈ సంగతి ఫలితాలకు ముందే పిల్లలకు చెప్పి ఉంచడం మంచిది.

మనసు బాగోలేకపోతే ‘టెలి మానస్’ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడతారు. పిల్లలే చేయొచ్చు, పిల్లల గురించి పెద్దలూ చేయొచ్చు. గుంటూరు సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ప్రాణాపాయమైతే నాటువైద్యాలతో కాలం గడపకుండా వెంటనే 108ని పిలవాలి. పోలీసు కేసవుతుందన్న భయంతో ఆలస్యం చేయొద్దు. ఆత్మహత్యకు యత్నించడాన్ని నేరంగా చూసిన పాత 309 సెక్షను, 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయసంహితలో లేదు.

కళాశాలలకూ బాధ్యత ఉంది. విశాఖపట్నంలో నీట్ శిక్షణకొచ్చిన ఓ విద్యార్థిని 2023లో మరణించిన కేసులో, 2025 జులైలో సుప్రీంకోర్టు దేశవ్యాప్తంగా మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకుమించి విద్యార్థులున్న చోట అర్హత కలిగిన కౌన్సెలర్ ఉండాలంది. మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయొద్దని, అందరిలో అవమానించొద్దని చెప్పింది. వెల్దుర్తి నుంచి మాచర్లకో, గుంటూరుకో పిల్లల్ని చదువుకు పంపే తల్లిదండ్రులు ఫీజు ఎంతని అడిగేటప్పుడే కౌన్సెలర్ ఎవరనీ అడగాలి.

కల్లంలో ఉన్న తండ్రి ఆ ఫోను పెట్టేశాక ఇంకో ఫోను చేయాలి, తన పిల్లాడికి. ‘ఎన్ని మార్కులొచ్చాయి’ అని కాదు. ‘అన్నం తిన్నావా నాన్నా? వస్తున్నా, కలిసి తిందాం’ అని. టిక్కీలు రేపైనా ఎత్తుకోవచ్చు.