గోడలకు నోళ్ళు పెట్టేముందు

గోడలకు చెవులుంటాయని మన పెద్దవాళ్ళు అంటుండేవారు. మా కొత్త ఇంటి గోడలకు నోళ్ళు కూడా రాబోతున్నాయి. స్లాబు పడింది, గోడలు లేచాయి, ప్లాస్టరింగుకి ముందు కరెంటు పైపులు పెట్టే పని నడుస్తోంది. సరిగ్గా ఈ సమయంలో మావారికీ మా అబ్బాయికీ ఇల్లంతా పాటలు వినిపించే స్పీకర్లు పెట్టించాలని బుద్ధి పుట్టింది.

ఒక ఆదివారం ఇంటి ప్లాను కాగితం భోజనాల బల్ల మీద పరిచి తండ్రీకొడుకులు ఎర్ర పెన్నుతో చుక్కలు పెట్టారు. హాల్లో నాలుగు, మా గదిలో రెండు, అబ్బాయి గదిలో రెండు, బాల్కనీలో రెండు. నేను కాఫీ గ్లాసులు తీస్తూ చూశాను. వంటింట్లో చుక్క లేదు. మా అత్తగారి గదిలోనూ లేదు.

"వంటింట్లో మిక్సీ మోతకి ఏం వినపడుతుంది?" అన్నారు మావారు.

"మామ్మకి సరిగా వినపడదు కదమ్మా" అన్నాడు మావాడు.

ఇద్దరూ మంచివాళ్ళే, వాళ్ళు చెప్పినదాంట్లో అబద్ధమూ లేదు. కానీ ఎక్కడో చివుక్కుమంది. మర్నాడు పాల పద్దు రాసే పుస్తకం వెనక పేజీలో, ఏ గదిలో ఎవరు ఎంతసేపు ఉంటున్నామో పొద్దున్నుంచి రాత్రి దాకా రాశాను. వంటింట్లో నేను ఆరున్నర గంటలు. గదిలో అత్తగారు నిద్రతో కలిపి పద్దెనిమిది గంటలు. హాల్లో మావారు రెండు గంటలు. బాల్కనీలో అందరం కలిపి ఇరవై నిమిషాలు. ఇక అబ్బాయి చదువుకునేది హాస్టల్లో ఉండి, రెండు నెలలకోసారి ఇంటికొస్తాడు. అంటే మనుషులున్న చోట మాట లేదు, మనుషుల్లేని చోట కచేరీ!

నేను పాటలకి వ్యతిరేకిని కాను. మా పుట్టింట్లో అలమర పైన ఒక్కటే రేడియో ఉండేది. పొద్దున్నే విజయవాడ కేంద్రం భక్తిరంజనితో ఇల్లు లేచేది. ఆ ఒక్క రేడియో పాట వంటింట్లోకీ పెరట్లోకీ వచ్చేది. ఆ రోజులే బంగారమని చెప్పను. ఆ రేడియో మీట ఎప్పుడూ నాన్న చేతిలోనే ఉండేది. అమ్మకి ఏ పాట ఇష్టమో మేమెవరమూ అడగలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అందుకే స్పీకర్లు ఎన్ని అన్నదాని కంటే మీట ఎవరి చేతిలో ఉంటుందన్నదే నాకు ముఖ్యం.

ఇంకో సంగతి కూడా ఉంది. పోయిన ఏడాది మా అత్తగారు బాత్రూములో జారిపడ్డారు. హాల్లో క్రికెట్ మ్యాచ్, వంటింట్లో చిమ్నీ, నేను దోసెల పిండి రుబ్బుతున్నాను. ఆవిడ పిలిచారు. ఎన్నిసార్లు పిలిచారో ఆవిడకే తెలియాలి. ఇరవై నిమిషాల తర్వాత మజ్జిగ ఇద్దామని వెళ్తే నేల మీద కూర్చుని ఉన్నారు. ఎముక విరగలేదు, అదృష్టం. "ఎందుకు గట్టిగా పిలవలేదు అత్తయ్యా?" అంటే, "పిలిచానమ్మాయ్, మీకు వినపడలేదు" అన్నారు మామూలుగా. ఆ మామూలుతనం నన్నింకా వదల్లేదు. పాట వినిపించే ఏర్పాటుతో పాటు పిలుపు వినిపించే ఏర్పాటు కూడా చేయకపోతే, మనం డబ్బిచ్చి కొనుక్కునేది చెవుడే.

అందుకని ఎలక్ట్రీషియన్‌ని కూర్చోబెట్టి అడిగి, చదివి, కాస్త నేర్చుకున్నాను. మీలో ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళకి పనికొస్తుందని చెబుతున్నాను.

ఇందులో పద్ధతులు రెండు. అన్ని గదుల తీగలూ ఒకచోటికి తెచ్చి ఆంప్లిఫయరుకి కలపడం ఒకటి. గదికో వైఫై స్పీకరు పెట్టుకోవడం రెండోది, దీనికి ప్లగ్గు పాయింటూ ఇంట్లో అంతటా అందే వైఫై చాలు. మొదటిదానికి ప్లాస్టరింగు ముందే నిర్ణయం జరిగిపోవాలి. ఇప్పుడు డబ్బు లేకపోయినా ఖాళీ పైపులైనా వేయించుకుంటే తర్వాత గోడ పగలగొట్టే పని ఉండదు. స్పీకరు తీగలు కరెంటు తీగలున్న పైపులోనే దూర్చనివ్వకండి. వేరే పైపులో, వీలైతే అడుగు దూరంలో వెళ్ళాలి. తీగ గేజి నంబరు తగ్గేకొద్దీ తీగ లావవుతుంది. మామూలు దూరాలకి 16, మరీ దూరమైతే 14 తీసుకుంటారు.

ఉన్న స్పీకర్లన్నీ ఒకే ఆంప్లిఫయరుకి తగిలించేస్తే సరిపోతుందనుకోకూడదు. 8 ఓమ్‌ల స్పీకర్లు రెండు పక్కపక్కన కలిపితే 4 ఓమ్‌లవుతాయి, నాలుగు కలిపితే 2. ఆ భారానికి మామూలు ఆంప్లిఫయరు వేడెక్కి ఆగిపోవచ్చు, పాడైపోవచ్చు కూడా. ఇక గదికో బ్లూటూత్ స్పీకరు విడివిడిగా పెట్టి అదే పాట వేస్తే, ఒకటి ముందు, ఒకటి వెనక పలికి జాతరలో మైకుల్లా ఉంటుంది. అన్ని గదుల్లో ఒకేసారి పలకాలంటే అందుకోసమే చేసినవి, ఒకే కుటుంబానివి కొనాలి. వంటింట్లో స్పీకరు పొయ్యి పైన వద్దు, తాలింపు జిడ్డు పడుతుంది. పొయ్యికి ఎదురు మూల మేలు. వైఫై పద్ధతైతే రూటరుకి కూడా ఇన్వర్టరు కలపమని చెప్పండి, లేకపోతే కరెంటు పోగానే ఇల్లంతా మూగబోతుంది.

ఇదంతా తెలుసుకున్నాక నా షరతులు నాలుగు చెప్పాను. ఒకటి, ప్రతి గదిలో శబ్దం తగ్గించే మీట గోడ మీద, చేతికందేలా ఉండాలి. ఫోనులో అంటే కుదరదు. అత్తగారికి ఆ ఫోను లేదు, నా చేతులకి పిండి ఉంటుంది. రెండు, అత్తగారి మంచం దగ్గరా బాత్రూములోనూ బెల్లు స్విచ్చి. అది వంటింట్లోనూ మా గదిలోనూ మోగాలి, దానికి వైఫైతో సంబంధం ఉండకూడదు. మూడు, మన మాటలు వినే మైకున్న స్పీకర్లు పడకగదుల్లో వద్దు. పెద్దవాళ్ళు చెప్పిన గోడల చెవులు అవే మరి! నాలుగు, అత్తగారికి గది పైకప్పులో స్పీకరు కాదు, తలవైపు బల్ల మీద చిన్నది కావాలి. వినికిడి తగ్గినవాళ్ళకి దూరం నుంచి గోల పెంచడం కంటే దగ్గర నుంచి స్పష్టంగా వినిపించడం మంచిది.

"పాటల కోసం మొదలుపెడితే నువ్వు ఆసుపత్రి వార్డు చేశావు" అని నవ్వారు మావారు. నేను పాల పద్దు పుస్తకం తెరిచి ముందు పెట్టాను. చదివారు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఎర్ర పెన్ను తీసుకుని బాల్కనీ చుక్కలు రెండూ కొట్టేసి, వంటింట్లో ఒకటీ వాళ్ళమ్మ గదిలో ఒకటీ పెట్టారు. హాల్లో నాలుగూ మాత్రం అలాగే ఉన్నాయనుకోండి. అదీ ఆయన సరదా, నేను అడ్డుపడలేదు.

సాయంత్రం అత్తగారిని "మీకు ఏ పాటలు కావాలి అత్తయ్యా?" అని అడిగాను. ఈ ఇంటికొచ్చిన ఇరవై రెండేళ్ళలో ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి. ఆవిడ చాలాసేపు ఆలోచించి, "పాటలు సరేగానీ, హరికథలు దొరుకుతాయేమో చూడమ్మాయ్" అన్నారు. హరికథలంటే ఇష్టమని మావారికీ తెలియదట.

మీరూ ఇల్లు కట్టుకుంటుంటే, తీగలు లాగకముందే ఒక్కరోజు ఏ గదిలో ఎవరు ఎంతసేపు ఉంటున్నారో రాసి చూడండి. ఎవరికేం వినాలని ఉందో, ముఖ్యంగా ఎప్పుడూ నోరు తెరిచి అడగనివాళ్ళని, ఒక్కసారి అడగండి.