ప్రేరణ శిక్షణకు ముందు లోప నిర్ధారణ: విశాఖ ఉక్కు చెప్పే పాఠం

పైరు ఎదగనప్పుడు ఏ పోషకం లోపించిందో తెలుసుకోకుండా ఎరువు వేయడం శాస్త్రీయం కాదని వ్యవసాయ విద్యార్థి తొలి సంవత్సరంలోనే నేర్చుకుంటాడు. లీబిగ్ పేరుతో ప్రసిద్ధమైన కనిష్ఠ సూత్రం ప్రకారం, అవసరానికంటే అతి తక్కువగా లభించే పోషకమే దిగుబడికి హద్దు నిర్ణయిస్తుంది. జింకు లోపించిన వరికి యూరియా మోతాదు పెంచినంత మాత్రాన లోపం తీరదు. ఉద్యోగుల విషయంలో మాత్రం సంస్థలు ఈ సూత్రాన్ని మరచిపోతున్నాయి. హాజరు తగ్గినా, ఉత్పత్తి తగ్గినా, సిబ్బందిలో నిరాసక్తత కనిపించినా రెండు రోజుల ప్రేరణ శిక్షణే సర్వరోగ నివారిణిగా చలామణి అవుతోంది. లోపం ఎక్కడ ఉందన్న ప్రశ్న శిక్షణకు ముందూ, తరువాతా అలాగే మిగిలిపోతోంది.

ఈ విషయాన్ని పరిశీలించడానికి విశాఖపట్నం ఉక్కు కర్మాగారం కంటే తగిన ఉదాహరణ తెలుగునాట అరుదు. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అన్న నినాదంతో 1966లో సాగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు కోల్పోయారు. 1971లో శంకుస్థాపన జరిగింది. 1982లో రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ ఏర్పడింది. 1992లో కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. అరవైకి పైగా గ్రామాల రైతులు, కూలీలు దీనికోసం తమ భూములను, ఇళ్లను వదులుకున్నారు. నిర్వాసితులకు ఇచ్చిన ‘ఆర్’ కార్డులతో ఉద్యోగం కోసం ఎదురుచూసిన కుటుంబాలు నేటికీ ఉన్నాయి. ఇటువంటి చరిత్ర గల సంస్థలో పనిచేసేవారికి ఆ కర్మాగారంతో ఉన్న అనుబంధం జీతానికి మాత్రమే పరిమితమైనది కాదు.

నష్టాలలో కూరుకుపోయి ఖాయిలా స్థితికి చేరువైన ఈ సంస్థ 2002-03లో సుమారు 521 కోట్ల రూపాయల నికర లాభం చూపింది. ఈ మార్పును ఉద్యోగుల ప్రేరణ ఫలితంగా మాత్రమే వర్ణించడం తొందరపాటు. ఉక్కు ధరలు పెరగడం, ఆర్థిక పునర్వ్యవస్థీకరణ, స్థాపిత సామర్థ్యాన్ని మించిన ఉత్పత్తి అన్నీ కలిసి పనిచేశాయి. ఒకే మడిలో నాలుగు మార్పులు చేసి, దిగుబడి పెరుగుదలను ఒక్కదానికే ఆపాదించే ప్రయోగాన్ని ఏ శాస్త్రవేత్తా అంగీకరించడు. అయినా స్థాపిత సామర్థ్యాన్ని మించి కొలుములను నడపడం సిబ్బంది సహకారం లేకుండా సాధ్యమయ్యేది కాదన్నది కూడా అంతే నిజం.

నష్టాలు తిరిగి వచ్చిన కాలానికీ ఇదే తర్కం వర్తిస్తుంది. సొంత ఇనుప ఖనిజ గనులు లేకపోవడం, విస్తరణ కోసం చేసిన అప్పులపై వడ్డీ, ముడిసరుకు కొరత కార్మికుని ఉత్సాహంతో తీరే లోపాలు కావు. 2021 జనవరి 27న నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్రం సూత్రప్రాయ ఆమోదం తెలిపిన తరువాత ఉద్యోగుల ముందున్న ప్రశ్న ‘ఎలా పనిచేయాలి’ అన్నది కాదు, ‘రేపు ఈ ఉద్యోగం ఉంటుందా’ అన్నది. 2025 జనవరిలో ప్రకటించిన 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ఆర్థిక ఊరట కలిగించింది. కాని భవిష్యత్తుపై స్పష్టత లేనిచోట బృంద స్ఫూర్తి గురించి ఉపన్యసిస్తే వినేవారికి అది ఉపదేశంగా కాక, ఎగతాళిగా తోస్తుంది.

హెర్జ్‌బర్గ్, అతని సహచరులు 1959లో ప్రచురించిన అధ్యయనం ఈ తేడానే సూచించింది. జీతం, ఉద్యోగ భద్రత, పని పరిస్థితులు, పర్యవేక్షణ సరిగా లేకపోతే అసంతృప్తి పుడుతుంది. సాధించిన తృప్తి, గుర్తింపు, బాధ్యత ఉన్నప్పుడు ప్రేరణ కలుగుతుంది. సుమారు 200 మంది ఇంజనీర్లు, అకౌంటెంట్లపై ఆధారపడిన ఈ సిద్ధాంతంపై విమర్శలు లేకపోలేదు. అయినా మొదటి లోపాన్ని రెండవ దానితో పూడ్చలేమన్న హెచ్చరిక విలువైనదే.

చట్టం ఇందుకు కొన్ని వేదికలను ఏనాడో కల్పించింది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం వంద మంది, అంతకు మించి కార్మికులున్న సంస్థలలో వర్క్స్ కమిటీల ఏర్పాటుకు వీలు కల్పించింది. 1976లో రాజ్యాంగంలో చేర్చిన 43ఏ అధికరణ యాజమాన్య నిర్వహణలో కార్మికుల భాగస్వామ్యాన్ని ఆదేశిక సూత్రంగా ప్రకటించింది. ఆచరణలో ఇటువంటి కమిటీలు తరచు క్యాంటీన్, యూనిఫారం చర్చలకే పరిమితమవుతాయి. కనుక పారిశ్రామిక సంబంధాల శిక్షణ ఉభయ పక్షాలకూ అవసరం. ఫిర్యాదును తిరుగుబాటుగా చూడకుండా వినడం అధికారి నేర్చుకోవాలి. సంస్థ ఆదాయ వ్యయ పట్టికను చదివి, సాధ్యమైన కోరికను అసాధ్యమైన దాని నుంచి వేరు చేయడం కార్మిక ప్రతినిధి నేర్చుకోవాలి. ఈ ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని నేర్చుకున్నప్పుడే ఆ శిక్షణకు సార్థకత.

ఈ చర్చ ఉక్కునగరంతో ముగిసేది కాదు. 1970ల మధ్యకాలం నుంచి దేశంలో ప్రవేశించిన శిక్షణ-సందర్శన పద్ధతి విస్తరణ సిబ్బందికి పక్షానికొక శిక్షణ ఇచ్చింది. అయితే సందేశం పైనుంచి కిందికి చేరినంత సులువుగా పొలంలోని అనుభవం కిందినుంచి పైకి చేరలేదు. నేటి గ్రామ వ్యవసాయ సహాయకుడు కూడా ఈ-పంట నమోదు వంటి పనుల మధ్య రైతు పొలానికి వెళ్లే సమయం వెతుక్కోవలసి వస్తోంది. అతనికి లోపించింది ఉత్సాహం కాదు, సమయం. పరిశోధన కేంద్రాలలో దినసరి వేతనంపై నాట్లు వేసి, కోసి, తూకం వేసే కూలీల పరిస్థితీ ఆలోచించదగినదే. ప్రయోగ గణాంకాల విశ్వసనీయత ఆ చేతులపైనే ఆధారపడి ఉంటుంది. వారి కష్టసుఖాలు వినే వేదిక ఎన్ని కేంద్రాలలో ఉంది?

విస్తరణ విద్యార్థికి రైతును ఒప్పించడం నేర్పుతున్నారు. తన కింద పనిచేసేవారి మాట వినడం కూడా పాఠ్యాంశం కావాలి. గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో భాగంగా ఒక కార్యాలయంలోనో, పరిశోధన క్షేత్రంలోనో సిబ్బంది ఫిర్యాదులను నమోదు చేసి, ఏ అధికారి ఏ స్థాయిలో పరిష్కరించగలడో విద్యార్థులచేత విశ్లేషింపజేయవచ్చు. ప్రతి శిక్షణకు ముందు సిబ్బంది సమస్యలను గుర్తించి, ఆరు నెలల తరువాత వాటిలో ఎన్ని తీరాయో లెక్కించాలి. హాజరైనవారి సంఖ్య, పంచిన ధ్రువపత్రాల సంఖ్య ఫలితాలు కావు.

భూసార పరీక్ష లేకుండా ఎరువుల సిఫార్సు చేయరాదని రైతుకు చెప్పే శాస్త్రవేత్తలు, తమ సంస్థలలోనూ అదే నియమాన్ని పాటించడం న్యాయం.