గ్రూప్స్‌కి గడువు పెట్టుకోండి
డిగ్రీ పట్టాతో వికారాబాద్ జిల్లా దోమలో పట్నం బస్సెక్కి హైదరాబాద్ అశోక్‌నగర్ స్టడీ హాళ్లలో తేలే కుర్రాడికి కోచింగ్ ఫీజు, హాస్టల్ అద్దె నోటి లెక్క. 40 ఏళ్లకు ఎక్కడ, ఎలా ఉండాలనుకుంటున్నావంటే మాత్రం నీళ్లు నములుతాడు. నా అభ్యంతరమల్లా గ్రూప్స్ ఉద్యోగం కోసం గడువు లేని ఆ ఎదురుచూపు మీదే. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో వచ్చిన తెలంగాణ గ్రూప్-1 నోటిఫికేషన్‌నే చూడండి: అక్టోబర్‌లో ప్రిలిమ్స్ రాస్తే పేపర్ లీకై రద్దయింది, 2023 జూన్‌లో మళ్లీ రాస్తే హైకోర్టు కొట్టేసింది, 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులకు కొత్త నోటిఫికేషన్, జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్. తప్పు పబ్లిక్ సర్వీస్ కమిషన్‌దే, కరిగిన వయసు మాత్రం అభ్యర్థిది. (2024లో వయోపరిమితి 46కి పెంచారు సరే, నాన్న మోకాళ్ల నొప్పి అప్పటిదాకా ఆగుతుందా?) అందుకే పుస్తకం తెరవకముందే ఇంట్లో తేల్చుకోవాలి: ఎన్నేళ్లు, ఎవరి డబ్బు, రాకపోతే ఏంటి? ఆ ‘రాకపోతే’కు మన పక్కనే జవాబు లేకపోలేదు. తాండూరు కందికి 2022లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాన్ని పప్పు చేసి, సంచి మీద పేరు కొట్టి అమ్మడానికి లెక్కలొచ్చిన పట్టభద్రుడు కావాలి. అక్కడి నాపరాయి పాలిష్ పనికైతే పొమ్మనను, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేస్తుంది.