డబ్బా గోత్రం

వారం వారం – రేగడి

"పీపా దొరికింది బావా" అన్నాడు మా బావమరిది ఫోనులో, సంబంధం కుదిరిందని చెప్పే గొంతుతో. రెండు వందల లీటర్ల ఇనప పీపా. కోవిల్‌పట్టి బైపాసు పక్కన పాత ఇనప సామాన్ల కొట్టులో తూకానికి కొన్నాడు. నేను వెళ్లేసరికి పెరట్లో నిలబెట్టి, సుద్దముక్కతో గీతలు గీసి ఉంచాడు. ఇక్కడ పొయ్యి నోరు, ఇక్కడ చువ్వలు, పైన పొగగొట్టం. చేపలకు పొగ పట్టించే పెట్టె చేస్తాడట. వెల్డింగ్ షాపు ఉన్నవాడు, చేతిలో పని ఉన్నవాడు, కాదనడానికి నేనెవర్ని?

ఎందుకొచ్చిన పొగ అని మీరడగొచ్చు. తమిళనాడులోని ఈ నల్లరేగడి సీమను కరిసల్ భూమి అంటారు. వాన పడేది దీపావళి ముందూ వెనకా. చిత్తిరై నెల ఎండలకు కణ్మాయిలు అడుగంటుతాయి. కణ్మాయి అంటే మన చెరువే. నీళ్లు మోకాలి లోతుకు దిగాక ఊరంతా బుట్టలూ వలలూ పట్టుకుని ఒక్కసారిగా దిగుతుంది. మదురై చుట్టుపక్కల జిల్లాల్లో అదొక జాతర. ఆ పూట ప్రతి ఇంటా జిలేబీలే, చేపలండీ, మిఠాయి కాదు. కొనేవాడు దొరకడు, అందరి బుట్టా నిండే ఉంటుంది.

ఎండబెట్టుకోవచ్చు కదా? ఉప్పాడలోనైనా, తూత్తుక్కుడిలోనైనా తరతరాలుగా చేస్తున్నది అదే. ఉప్పూ ఎండా పుష్కలంగా ఉన్నచోట కట్టెలు తగలేసి పొగ పెట్టడం దండగ. మన తీరంలో పొగచేప పెద్దగా అలవాటు కాలేదంటే ఎండ ఎక్కువై గానీ తెలివి తక్కువై కాదు. ఈ పక్క ఉన్న గొప్ప మినహాయింపు మాసి. లక్షదీవుల్లో, ముఖ్యంగా మినికాయ్‌లో, టూనా చేపను ఉప్పునీటిలో ఉడికించి, పొగ పెట్టి, కొయ్యముక్కలా బిగిసేదాకా ఎండబెడతారు. తూత్తుక్కుడి బజార్లో మాసి, సముద్రం దాటి సింహళం చేరితే ఉంబలకడ. మా అత్తగారు చిన్న ముక్క చితక్కొట్టి చట్నీలో వేస్తారు. తెలుగు చెవికి మాసి అంటే మసి గుర్తొస్తుంది, నాలుక ఆ తప్పు దిద్దుతుంది. బావమరిదికి కావలసింది ఆ రుచి, చెరువు చేపలో. నిల్వ కోసమన్నది పైకి చెప్పే కారణం.

"ఇందులో ఇదివరకు ఏముండేది?" అని పీపా మీద తట్టి అడిగాను.

"ఏదో మందు బావా. కడిగేశాను."

తెలుగులో మందు అంటే ఒంటికి పట్టేది, గ్లాసులో పోసేది, పైరుకు కొట్టేది, తుపాకిలో దట్టించేది. అగ్గిపెట్టెల ఊరు కోవిల్‌పట్టిలో అయిదోది కూడా ఉంది, అగ్గిపుల్ల తలకు అద్దేది. అందులో ముఖ్యమైన సరుకు పొటాషియం క్లోరేటు. బాగా కాలిస్తే ప్రాణవాయువు వదులుతుంది, గంధకంతో కలిస్తే రాపిడికే అంటుకుంటుంది, ఎర్ర భాస్వరంతో కలిస్తే పేలుతుంది. క్లోరేటును పుల్ల మీద, భాస్వరాన్ని పెట్టె పక్కన, ఎడంగా ఉంచడమే సేఫ్టీ అగ్గిపెట్టెలో ఉన్న తెలివంతా. ఆ పీపా అంచు మడతల్లో ఏం మిగిలిందో తెలియకుండా కింద మంట పెడతానంటాడు వీడు! పోనీ క్లోరేటు కాదు, ఏ థిన్నరో అనుకుందాం. అడుగున చారెడు మిగిలినా చాలు, దాని ఆవిరి గాలితో కలిసి పీపా అంతా పరుచుకుంటుంది. గ్యాస్ కట్టర్ పెట్టగానే పేలేవి ఇలాంటి "ఖాళీ" పీపాలే. వెల్డింగ్ చేసేవాడికి ఇది నేను చెప్పాలా? వాడికి తెలుసు. షాపులో అయితే నీళ్లు నింపి గానీ కోయడు. సొంత పెరడు కాబట్టి గుర్తు రాలేదు.

తెలుగువాళ్లు ఈ సీమకు విజయనగర రాజుల, మదురై నాయకుల కాలం నుంచీ వచ్చి స్థిరపడ్డారు. ఇప్పటికీ కొత్త మొహం కనపడితే ఏ ఊరు, ఇంటిపేరేమిటి, ఎవరి తాలూకు అంటూ మూడు తరాలు తవ్వుతారు. నన్ను పెళ్లిచూపుల్లో తవ్వారు కాబట్టి చెప్తున్నాను. పక్కనే ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తమిళంలో రాసిన పెద్దాయన, ఆ తవ్వకాన్నే గోపల్ల గ్రామం అనే నవల చేశాడు. తెలుగు దేశం విడిచి పారిపోయి వచ్చినవాళ్లు ఈ నల్లమట్టిలో ఊరు కట్టుకున్న కథ. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. మనిషిని ఇన్ని ప్రశ్నలడిగేవాళ్లం, మన తిండికి తగిలే ఇనుమును ఒక్కటీ అడగం. నన్నడిగితే తలకిందులుగా చేస్తున్నాం. మనిషి గోత్రం వదిలేసి డబ్బా గోత్రం అడగాలి.

మంచి గోత్రం ఉన్న తుక్కు యాభై కిలోమీటర్ల దూరంలోనే ఉంది. విరుదునగర్ అంటే పుస్తకాల్లో కామరాజ్ పుట్టిన ఊరు, వర్తకులకు నూనె, పప్పు, మిరపకాయల బజారు. పరోటాను కూడా నూనెలో వేయించి తినే ఊళ్లో పదిహేను కిలోల నూనె డబ్బాలకు కరువేముంటుంది? పుట్టిన దగ్గర్నుంచీ తిండి సామానే మోసిన డబ్బా, రేకు మీద తగరపు కళాయి, జానెడున్నర ఎత్తు. మూడు కొన్నాం, నాలుగోది కొసరు. గోత్రం కుదిరినా జాతకం చూడాలి కదా. అంచు వెంట మాటు వేసిన పాత డబ్బాలు పక్కన పెట్టించాను, ఆ మాటులో సీసం ఉండొచ్చు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి ఈ డబ్బాలు పైన పొగకే గానీ కింద నిప్పుకు పనికిరావు.

నిప్పుకు పాత వాషింగ్ మెషీన్ డ్రమ్ము దొరికింది. స్టెయిన్‌లెస్ స్టీలు, చుట్టూ చిల్లులు, గాలి బాగా ఆడుతుంది. సబ్బు తప్ప దాని గతంలో మరకేమీ లేదు. చేపలు వేలాడదీయడానికి బావమరిది సైకిలు పుల్లలు పోగుచేసి పెట్టాడు, తళతళలాడుతున్నాయి. ఇనుము ఊరికే తళతళలాడదు, మీద ఏదో పూత ఉంటుంది. జింకు కావచ్చు, పాత ఫ్రిజ్ అరలకైతే కాడ్మియమూ కావచ్చు. వాటి బదులు విరిగిన స్టీలు గరిటెల కాడలు కోయించాను. మా అత్తగారి వంటింట్లో గరిటెలు మాయమైన సంగతి ఆవిడకు రెండు రోజుల తర్వాత తెలిసింది.

డబ్బాల అడుగులు కోసి ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, నిప్పుకూ చేపకూ మధ్య పాత ఇనప పెనం ఒకటి ఇరికించాం, చుట్టూ పొగ పోయేంత సందు ఉంచి. మొత్తం పెట్టెలో నాకు బాగా నచ్చింది ఆ పెనమే. చేపలోని కొవ్వు కరిగి నిప్పు మీద పడితే ఆ పొగలో బెంజోపైరీన్ లాంటి క్యాన్సర్ కారకాలు పుట్టి మళ్లీ చేపకే అంటుకుంటాయి. ఐరోపా సమాఖ్య పొగచేపలో బెంజోపైరీన్‌ను కిలోకు 2 మైక్రోగ్రాములు దాటనివ్వదు. ఈ పెనానికీ ఒక వంశం ఉంది. ఆఫ్రికా పడమటి తీరంలో ఆడవాళ్లు ఎన్నో ఏళ్లుగా పీపాలు కోసి, వాటిలో చేపలకు పొగ పెడుతున్నారు. కట్టెలు బోలెడు ఖర్చు, కళ్లు మంట, పీపాకేమో తుప్పు. ఘానా రాజధాని అక్రా పక్కన చోర్కోర్ అనే పల్లెలో 1970 ప్రాంతంలో ఆ ఆడవాళ్లతో కలిసి మట్టి పొయ్యి, దాని మీద అంతస్తులుగా పేర్చే చెక్క చట్రాలు రూపొందించారు. ఆ పొయ్యికి పల్లె పేరే నిలిచింది. కొవ్వు పట్టే పళ్లెం ఆ తర్వాత సెనెగల్‌లో చేర్చారు. మా పెనం ఆ వంశంలోది.

కట్టె దగ్గర మళ్లీ పేచీ. విరిగిన అగ్గిపుల్లల బస్తా మీద వాడి కన్ను. మైనంలో ముంచిన పుల్ల మసి కక్కుతుందని వద్దన్నాను. ఎక్కడికీ పోనక్కర్లేదు, ఊరు దాటితే కంటికి ఆనినంత మేరా సీమై కరువేలం. మన సర్కారు తుమ్మ. దాన్ని బొగ్గు కాల్చి బతికే కుటుంబాలు విరుదునగర్, రామనాథపురం జిల్లాల్లో ఎన్నో. 2017లో హైకోర్టు మదురై ధర్మాసనం దాన్ని పీకించమని కూడా ఆదేశించింది. అదే చెట్టుకు పినతల్లి బిడ్డ మెస్కీట్, టెక్సాస్‌లో మాంసం కాల్చడానికి ఏరికోరి వాడతారు. అన్నట్టు, దీని గోత్రమూ అడిగాను. జమైకా నుంచి తెప్పించిన విత్తనం, 1870ల చివర్లో నాటిన తొలి చోట్లలో ఒకటి మన కడప జిల్లా కమలాపురం. మా అత్తగారి పూర్వీకుల్లాగే ఇదీ తెలుగునేల మీదుగా దిగిన కుటుంబమే.

ముందు ఖాళీ పెట్టెలో రెండు గంటలు మంట పెట్టి పాత వాసనలు వదలగొట్టాం. లీటరు నీళ్లకు వంద గ్రాముల ఉప్పు వేసి చేపలు గంటసేపు నానబెట్టాం. నీడన గాలికి ఆరేసరికి చర్మం మీద సన్నని జిగురు పొర మెరుస్తుంది. పొగ పట్టేది ఆ పొరకే, తడిచేపకు పట్టదు. మొదట సన్నసెగ, తర్వాత సెగ పెంచి, చేప లోపల 63 డిగ్రీలు దాటాక అరగంట అలాగే ఉంచాలి. పొగ పల్చగా, కొంచెం నీలంగా పోవాలి. తెల్లగా సుళ్లు తిరిగితే చేప చేదెక్కుతుంది. చల్లపొగ అని శీతలదేశాల పద్ధతి ఒకటుంది, 30 డిగ్రీలు దాటనివ్వరు. కోవిల్‌పట్టిలో మే నెల గాలే 38. ఆ పద్ధతి ఇక్కడ పాటిస్తే కుళ్లే చేపకు సాంబ్రాణి వేసినట్టే.

సాయంత్రానికి జిలేబీలు ఇత్తడి రంగు తేలాయి. అత్తగారు ఒకదానికి ముళ్లు తీసి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో నలిపి సజ్జ అంబలిలోకి పెట్టారు. "పొగ బాగుంది, ఉప్పు చాలలేదు" అన్నారు. గరిటెల ఊసెత్తలేదు. వారం నిలవుంటాయని బావమరిది లెక్క, ఫ్రిజ్‌లో పెట్టినా మూడు రోజులు దాటనివ్వొద్దని నా లెక్క. కరువాడు అంటే ఎండుచేప. కరువాడులా ఎండనిది కరువాడులా నిలవదు. రెండో రోజుకే అయిపోయాయి గనుక గొడవ తీరలేదు.

పీపాను కొట్టువాడికి తిరిగివ్వనివ్వలేదు. వాడు ఇంకొకరికి అమ్ముతాడు, వాళ్లు అందులో మంచినీళ్లు పట్టుకుంటారు. బావమరిదే దాన్ని షాపుకు తీసుకెళ్లి, నీళ్లు నింపి, రెండుగా కోసి, ఇనప ముక్కలు వేసుకునే తొట్లు చేసుకున్నాడు.

మొన్న మళ్లీ ఫోను. కింది డబ్బా తూట్లు పడిందట, విరుదునగర్ వెళ్లి వేరేది తెచ్చాడట.

"ఏముండేదో అడిగావా?"

"అడక్కుండా కొంటానా బావా! వేరుశనగ నూనె అన్నాడు. డబ్బా మీద కూడా అదే రాసుంది." కాసేపు ఆగాడు. "వాసన మాత్రం పామాయిల్."