బెల్లు మోగింది, బొమ్మేదీ?

శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ అపార్టుమెంట్లలో వీడియో కాలింగ్ బెల్లు పెట్టించుకుంటున్నారు కదా! మధ్యాహ్నం ఇంట్లో ఒక్కరే ఉండేవారికి అదో ధైర్యం. తీరా బిగించాక బొమ్మ రాకపోతే కంగారుపడకండి. మెకానిక్కు వెళ్ళిపోకముందే ఇవి చూడండి.

● బెల్లు మీద దీపం వెలగడం లేదా? అడాప్టరు మీదున్న వోల్టులూ, బెల్లు పుస్తకంలో రాసిన వోల్టులూ ఒకటేనా? పుస్తకంలో లేనిదే పాత బెల్లు 230 వోల్టుల వైర్లు కలపనివ్వకండి, మాడిపోతుంది.

● ఫోనుకి వైఫై వస్తుంది, బెల్లుకి రాదు. చాలా బెల్లులు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే అందుకుంటాయి, 5 అందుకోలేవు. రూటర్లో 2.4 ఆన్ చేయించి, రూటరుని గుమ్మం వైపు జరిపి చూడండి.

● కేబుల్ రకమైతే ఒక్క ముక్క 100 మీటర్లు దాటకూడదు. కళింగపట్నం, భావనపాడు లాంటి సముద్రపుటొడ్డున ఉప్పుగాలికి బయటి ప్లగ్గు పిన్నులు చిలుమెక్కుతాయి. మూత వేయించండి.

● పెట్టెతో వచ్చిన పాస్‌వర్డ్ ఆ రోజే మార్చేయండి. లేకపోతే మీ గుమ్మం పరాయివాళ్ళు కూడా చూడొచ్చు.

● కరెంటు తాళం కూడా పెట్టిస్తే, మెకానిక్కు ఎదురుగానే మెయిన్ ఆపించండి. తలుపు తెరుచుకుంటుందో, బిగుసుకుంటుందో తెలుస్తుంది.

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి పలాస, ఉద్దానం వైపు రోజుల తరబడి కరెంటు లేదు. అన్నాళ్ళు ఏ ఇన్వర్టరూ ఆగదు. అందుకే తలుపు గొలుసూ, చూసే కన్నమూ ఉంచుకోండి. బొమ్మ రానప్పుడు, గొంతు తెలిసినట్టే ఉన్నా సరే, గొలుసు మాత్రం తీయకండి!