సేవ చేసినా 'మాజీ సైనికులు' కారా?

టెరిటోరియల్ ఆర్మీ, రిజర్విస్టులు, అగ్నివీరులకు తలా ఒక నిబంధన
ఉమ్మడి నల్గొండ, పాలమూరు యువత తెలుసుకోవలసిన లెక్క

నల్గొండ / మహబూబ్‌నగర్: సైన్యంలో పనిచేసి వచ్చిన వ్యక్తిని పల్లెల్లో 'మిలట్రీ ఆయన' అని పిలుస్తారు. ఎన్నేళ్లు పనిచేశాడని ఎవరూ ఆరా తీయరు. ప్రభుత్వ దస్త్రాల్లో మాత్రం లెక్క వేరు. అక్కడ 'మాజీ సైనికుడు' అన్నది గౌరవ వాచకం కాదు, నిబంధనల్లో నిర్వచించిన హోదా. ఆ నిర్వచనంలో ఇమిడిన వారికి ప్రయోజనాలు అందుతాయి. ఇమడని వారు అదే యూనిఫాం ధరించి, అదే సరిహద్దులో కాపలా కాసి వచ్చినా సాధారణ పౌరులుగానే మిగులుతారు. టెరిటోరియల్ ఆర్మీ జవాన్లు, పాతకాలపు రిజర్విస్టులు, నేటి అగ్నివీరులు ఈ గీత వద్దే నిలబడి ఉన్నారు.

ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు 2016లోను, ఆ తర్వాత 2019లోను చిన్న జిల్లాలుగా విడిపోయాయి. జిల్లాల పేర్లు మారినా మెట్ట ప్రాంతపు బతుకు పెద్దగా మారలేదు. వానను నమ్ముకున్న సేద్యం, పని వెతుక్కుంటూ వలస పోయే కుటుంబాలు ఇక్కడ కొత్త కాదు. ఇటువంటి చోట ఇంటర్ పాసైన యువకునికి సైన్యం దేశసేవతో పాటు ఇంటిని నిలబెట్టే ఆధారం కూడా. 2022 అక్టోబరులో సూర్యాపేటలో అగ్నివీర్ నియామక ర్యాలీ జరిగింది. ఆ పథకం కింద 2022 చివరిలో, 2023 ఆరంభంలో చేరిన తొలి విడత యువకులకు నాలుగేళ్ల గడువు 2026 చివర, 2027 మొదట్లో పూర్తవుతుంది. తిరిగి వచ్చిన వారిని ఊరు ఏమని పిలుస్తుందన్నది కాదు, ప్రభుత్వం ఏమని గుర్తిస్తుందన్నదే అసలు ప్రశ్న.

నిర్వచనం ఏమంటోంది?

మాజీ సైనికుడు అంటే ఎవరో కేంద్రం 1979 నాటి పునర్నియామక నిబంధనల్లో పేర్కొంది. వాటిని పలుమార్లు సవరించారు. 2012లోనూ సవరణ జరిగింది. వాటి సారాంశం ఇది: పింఛను సంపాదించుకుని విరమించిన వారు, సైనిక సేవ కారణంగా వైకల్యం పొంది వైద్య కారణాలపై బయటికి వచ్చిన వారు, సిబ్బంది తగ్గింపు వల్ల విడుదలైన వారు మాజీ సైనికులు. నిర్ణీత గడువు పూర్తిచేసి, గ్రాట్యుటీ పొంది విడుదలైన వారు కూడా ఈ హోదాకు అర్హులే. పింఛను రాకముందే సొంత ఇష్టంపై మానుకున్న వారు, క్రమశిక్షణ చర్యలతో తొలగింపునకు గురైన వారు అర్హులు కారు.

ఈ హోదాపై ఆధారపడినవి చిన్న విషయాలేమీ కావు. కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి ఉద్యోగాల్లో 10 శాతం రిజర్వేషన్, వయోపరిమితిలో సడలింపు ఈ హోదా ఉన్నవారికే. మాజీ సైనికుల ఆరోగ్య పథకం, క్యాంటీన్ సదుపాయం దీనితోనే ముడిపడి ఉన్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో మాజీ సైనికులకు ప్రభుత్వ భూమి కేటాయించే విధానం ఉండేది. ఆ భూమిని పదేళ్ల తర్వాత అమ్ముకునే వెసులుబాటు 1993లో కల్పించారు. సైనిక సంక్షేమ కార్యాలయం గడప తొక్కిన వారిని అక్కడి ఉద్యోగి మొదట అడిగేది డిశ్చార్జి పుస్తకమే. అందులో రాసి ఉన్న మాటను బట్టే తర్వాతి తలుపులు తెరుచుకుంటాయి.

రెండు నెలల సైనికుడు

టెరిటోరియల్ ఆర్మీ స్వతంత్ర భారతంలో 1948 చట్టంతో ఏర్పడింది. 1949 అక్టోబరు 9న నాటి గవర్నర్ జనరల్ రాజాజీ దానిని లాంఛనంగా ప్రారంభించారు. ఇందులో చేరే వ్యక్తికి సొంత ఉద్యోగమో వృత్తో ఉండాలి. ఏటా సుమారు రెండు నెలలు శిక్షణకు హాజరు కావాలి. అవసరమైనప్పుడు ప్రభుత్వం పిలిస్తే పూర్తికాల విధుల్లో చేరాలి. ఈ పిలుపునే 'ఎంబాడీమెంట్' అంటారు. అలా వెళ్లిన ఉద్యోగిని విధులు ముగిశాక యజమాని తిరిగి పనిలోకి తీసుకోవాలని చట్టం చెబుతోంది.

పింఛను విషయానికి వస్తే చిక్కు మొదలవుతుంది. జవాన్లకు, జూనియర్ కమిషన్డ్ అధికారులకు కనీసం 15 ఏళ్లు, అధికారులకు 20 ఏళ్ల ఎంబాడీడ్ సర్వీసు ఉండాలి. ఈ సర్వీసు విడతలు విడతలుగా ఉన్నా కలిపి లెక్కిస్తారు. కాగితంపై ఇది సబబుగానే కనిపిస్తుంది. కానీ ఏటా రెండు నెలల శిక్షణతోనే సరిపెట్టిన వ్యక్తిని తీసుకుంటే, ఆ శిక్షణ కాలాన్ని లెక్కలోకి తీసుకున్నా పదిహేనేళ్లలో అతని ఖాతాలో చేరేది 30 నెలలే. పింఛనుకు కావలసింది 180 నెలలు. ఈ సేవ పింఛనుకు హామీ కాదని నియామక ప్రకటనలే చెబుతున్నాయి. పింఛను ఉన్నవారు, సైనిక సేవ కారణంగా వైకల్యం పొందినవారు, శౌర్య పురస్కార గ్రహీతలు మాత్రమే ఈ దళం నుంచి 'మాజీ సైనికులు' అవుతారు. మిగిలిన వారికి మిగిలేది జ్ఞాపకాలే.

ఈ దళం అలంకారప్రాయమేమీ కాదు. 2025 మే నెలలో పాకిస్థాన్‌తో ఉద్రిక్తతలు ముదిరినప్పుడు, టెరిటోరియల్ ఆర్మీని పిలిపించే అధికారాన్ని కేంద్రం సైనిక ప్రధానాధికారికి అప్పగించింది. ఉన్న 32 పదాతి బెటాలియన్లలో 14 బెటాలియన్లను మోహరించేందుకు అనుమతి ఇచ్చింది. 2028 ఫిబ్రవరి వరకు వర్తించే ఆ ఉత్తర్వుతో, పార్ట్‌టైమ్ సైనికుడు ఎప్పుడైనా పూర్తికాల సైనికుడు కాగలడని తేలిపోయింది.

సుప్రీంకోర్టు ఏం చెప్పింది?

టెరిటోరియల్ ఆర్మీ జవాన్లకు అండగా నిలిచే తీర్పు 2021 డిసెంబరులో వెలువడింది. పానీ రామ్ అనే జవాను రెగ్యులర్ సైన్యం నుంచి విరమించాక 130వ టెరిటోరియల్ ఆర్మీ బెటాలియన్‌లో, పర్యావరణ పరిరక్షణ దళంలో చేరారు. 2009లో సెలవుపై ఉండగా రోడ్డు ప్రమాదంలో కాలు కోల్పోయారు. వైద్య మండలి ఆయనకు 80 శాతం వైకల్యం ఉన్నట్లు, అది సైనిక సేవకు సంబంధించినదేనని తేల్చింది. అయినా ఆ దళంలో చేరిన వారికి వైకల్య పింఛను వర్తించదని, చేరేటప్పుడు అందుకు ఒప్పుకుని సంతకం చేశారని ప్రభుత్వం వాదించింది. సాయుధ దళాల ట్రైబ్యునల్‌లోనూ ఆయనకు ఊరట లభించలేదు.

సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. ఈ దళం కూడా టెరిటోరియల్ ఆర్మీలో భాగమేనని, వైకల్య పింఛను నిబంధనలు దానికీ వర్తిస్తాయని పేర్కొంది. ఉద్యోగం కావాలంటే సంతకం చేయక తప్పని మనిషి చేసిన సంతకంతో అతని హక్కును కాలరాయరాదని స్పష్టం చేసింది. ర్యాలీ మైదానంలో ఎవరో చూపిన చోట వేలిముద్రో సంతకమో వేసే పేదింటి యువకుడు గుర్తుంచుకోవలసిన మాట ఇది.

నలభై ఏళ్ల నిరీక్షణ

రిజర్విస్టుల కథ ఇంకా పాతది. ఒకప్పుడు పదాతి దళంలో ఏడేళ్లు క్రియాశీల సేవ, ఎనిమిదేళ్లు రిజర్వు అనే పద్ధతి ఉండేది. రిజర్వులో ఉన్న వ్యక్తి ఊళ్లో వ్యవసాయం చేసుకుంటూనే పిలుపు వస్తే కదలవలసి వచ్చేది. రెండూ కలిపి 15 ఏళ్లు నిండితే రిజర్విస్టు పింఛను లభించేది.

నౌకాదళంలో ఈ పద్ధతి నావికులను నడి సముద్రంలో వదిలినట్లు చేసింది. పదేళ్లు క్రియాశీల సేవ, మరో పదేళ్లు ఫ్లీట్ రిజర్వు అన్న షరతుతో వారిని చేర్చుకున్నారు. 1976 జులై 3న ప్రభుత్వం రిజర్వులోకి పంపే విధానాన్నే నిలిపివేసింది. దీంతో పదేళ్లు పనిచేసిన వారు రిజర్వులో చేరలేక, పింఛను రాక ఇంటిదారి పట్టారు. న్యాయ పోరాటం సాగి సాగి 2016 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. రిజర్వులో పనిచేయలేదు కనుక రిజర్విస్టు పింఛను రాదని, అయితే 1976 నిర్ణయానికి ముందు చేరి దానివల్ల నష్టపోయిన వారు ప్రత్యేక పింఛనుకు అర్హులని కోర్టు తేల్చింది. అప్పటికి నలభై ఏళ్లు గడిచిపోయాయి. ఇరవైల్లో చేరిన నావికులకు అప్పటికి తలలు నెరిశాయి.

షరతులు మార్చే కలం ఢిల్లీలో ఒక్క రోజు కదిలితే, దాని ఫలితాన్ని ఊళ్లలో ఒక తరం అనుభవిస్తుందనడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

అగ్నివీరుల దారెటు?

2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ పథకంలో సేవాకాలం నాలుగేళ్లు. ప్రతి విడతలో 25 శాతం మంది వరకే రెగ్యులర్ సైన్యంలో కొనసాగుతారు. మిగిలిన వారికి వడ్డీతో కలిపి సుమారు రూ.11.71 లక్షల సేవానిధి చెల్లిస్తారు. ఇందులో సగం వారి జీతం నుంచి కోసి దాచినదే. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు. మాజీ సైనికుల హోదా, ఆరోగ్య పథకం, క్యాంటీన్ సదుపాయం వర్తించవని పథకం షరతుల్లోనే ఉంది.

మీలిక ఎక్కడుందో గమనించాలి. నిర్ణీత గడువు పూర్తిచేసి 'గ్రాట్యుటీ' పొందిన వారు మాజీ సైనికులని పాత నిర్వచనం చెబుతోంది. షార్ట్ సర్వీస్ కమిషన్ అధికారులు ఆ మాట ఆధారంగానే హోదా పొందుతున్నారు. అగ్నివీరులూ నిర్ణీత గడువు పూర్తిచేస్తారు. కానీ వారికి ఇచ్చే మొత్తానికి గ్రాట్యుటీ అని కాక సేవానిధి అని పేరు పెట్టారు. ఒక్క పదం తేడాతో ఒక వర్గమంతా గీతకు అవతల పడింది.

సైన్యం సగటు వయసు తగ్గాలని, దళాలు యవ్వనంతో ఉండాలని ప్రభుత్వం చెబుతోంది. కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో మాజీ అగ్నివీరులకు 10 శాతం రిజర్వేషన్ కల్పిస్తున్నట్లు 2022లోనే ప్రకటించింది. ఇందులో తప్పు పట్టవలసింది లేదు. నాలుగేళ్ల సేవకు జీవితకాల పింఛను ఇవ్వలేమన్న వాదనలోనూ కొంత హేతువుంది. అయితే అదే హేతువు మరణానికి, వైకల్యానికి వర్తిస్తుందా?

తండా నుంచి సరిహద్దుకు

శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండాకు చెందిన అగ్నివీర్ మురళీ నాయక్ 2025 మే 9న జమ్మూకశ్మీర్‌లోని నియంత్రణ రేఖ వద్ద పాక్ కాల్పుల్లో అమరుడయ్యారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ కుటుంబానికి రూ.50 లక్షలు, ఐదెకరాల భూమి, ఇంటి స్థలం, ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. విధి నిర్వహణలో మరణించిన అగ్నివీరునికి కేంద్రం తరఫున రూ.48 లక్షల బీమా, రూ.44 లక్షల పరిహారం వంటివి ఉన్నాయి. కానీ రెగ్యులర్ జవాను కుటుంబానికి నెలనెలా అందే కుటుంబ పింఛను మాత్రం లేదు. ఈ తేడా రాజ్యాంగ విరుద్ధమంటూ ఆయన తల్లి 2025లోనే బొంబాయి హైకోర్టును ఆశ్రయించారు. విధి నిర్వహణలో మరణించిన అగ్నివీరుల కుటుంబాలకు రెగ్యులర్ సైనికుల కుటుంబాలతో సమాన ప్రయోజనాలు కల్పించాలని పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం 2024లోనే సిఫార్సు చేసింది.

దేవరకొండ, అచ్చంపేట ప్రాంతాల్లోనూ ఇటువంటి తండాలు అనేకం. అక్కడి తల్లిదండ్రులకు ఆ వార్త దూరపు జిల్లాది కాదు. సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబు 2020 జూన్‌లో గల్వాన్‌లో అమరుడైనప్పుడు నాటి రాష్ట్ర ప్రభుత్వం రూ.5 కోట్లు, ఆయన భార్యకు గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చి ఆదుకుంది. అది సముచితమైన గౌరవం. కానీ రాష్ట్రాలు ప్రకటించే సాయం ఆ సందర్భాన్ని బట్టి, ఆనాటి ప్రభుత్వాన్ని బట్టి ఉంటుంది. పింఛను అలా కాదు. అది నిబంధన, అడిగి తీసుకోగల హక్కు.

చేరే ముందే తెలియాలి

కోర్టులు, పార్లమెంటు తేల్చేవరకు యువకులు చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. చేరేటప్పుడు ఇచ్చే షరతుల పత్రాన్ని తెలిసిన వారితో చదివించుకుని నకలు ఇంట్లో భద్రపరచాలి. టెరిటోరియల్ ఆర్మీలో ఉన్నవారు ప్రతి ఎంబాడీమెంట్ తేదీలను తమ సర్వీసు పత్రాల్లో నమోదు చేయించుకోవాలి. గాయమైతే, అది చిన్నదైనా, విధుల్లో ఉండగా జరిగిందని వైద్య పత్రాల్లో రాయించుకోవాలి. తర్వాత వైకల్య పింఛనుకు ఆ ఒక్క వాక్యమే సాక్ష్యమవుతుంది. తిరస్కరణ ఎదురైతే లిఖితపూర్వక ఉత్తర్వు కోరాలి. తెలుగు రాష్ట్రాల కేసులు సాయుధ దళాల ట్రైబ్యునల్ చెన్నై బెంచి పరిధిలోకి వస్తాయి.

అధికారుల బాధ్యత కూడా ఉంది. ఏ కొలువులో చేరితే ఏ ప్రయోజనం వస్తుంది, ఏది రాదు అన్నది ర్యాలీ మైదానంలోనే తెలుగులో బోర్డు కట్టి చెప్పాలి. సైనిక సంక్షేమ కార్యాలయాలు విరమించిన వారికే కాక, చేరబోయే వారికి కూడా డిగ్రీ కళాశాలల్లో అవగాహన కల్పించాలి.

అంతకు మించి కేంద్రం చేయవలసిన సవరణ ఒకటుంది. సేవాకాలాన్ని బట్టి పింఛను ఎక్కువ తక్కువలు కావచ్చు. మరణానికి, వైకల్యానికి మాత్రం ఒకే నిబంధన ఉండాలి. అవతలి నుంచి వచ్చే తూటా ఎదుట నిలిచినవాడు రెగ్యులరా, టెరిటోరియలా, అగ్నివీరా అని చూసి రాదు. దానికి లేని తేడా దస్త్రానికి ఎందుకో ఢిల్లీయే చెప్పాలి.